మూడో చెయ్యి

మా బుడంకాయకి,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మొదట ఈ మాట లేకపోతే నువ్వు మిగతాది చదవకుండానే కంగారు పడతావు. అక్కడ నువ్వు వేళకి తిని, వేళకి పడుకుంటున్నావనుకుంటాను. రైలు నడిపే మనిషికి నిద్రని మించిన ఆస్తి లేదు.

నీ ఉత్తరం అందింది. వంటింటి కప్పు కారడం ఆగింది. పైవాటా టీచరమ్మ పిల్లి మళ్ళీ ఈనింది, ఈసారి నా రంపాల పెట్టెలో. పని చేసుకోవాలంటే దాని అనుమతి తీసుకోవాల్సి వస్తోంది. అమ్మ అక్షరం అంత గుండ్రంగా ఎప్పుడు మారిందని అడిగావు. కళ్ళజోడు మార్చాం, అందువల్ల అనుకో.

ఇక పని సంగతి. పళ్ళ డాక్టరు తన ముత్తాత పిస్తోలు తెచ్చి ఇచ్చాడు. అది పేలి తరాలు గడిచాయి, ఇక పేలదు కూడా. గాజు పెట్టెలో పెట్టుకుంటాడట, శుభ్రం చేసి ఇమ్మన్నాడు. రోజూ నలుగురి నోళ్ళలో పట్టుకారు పెట్టే మనిషి, దీన్ని మాత్రం పాముని మోసినట్టు తువ్వాల్లో చుట్టుకొచ్చాడు. "మీ పేషెంట్ల కంటే నయం డాక్టరుగారూ, ఇది కరవదు లెండి," అంది మీ అమ్మ.

తుప్పు వదిలించాను, నూనె పట్టించాను. ముక్కలన్నీ విప్పిన వరసలో పాత దుప్పటి మీద పేర్చాను. బిగించేటప్పుడు ఆ వరస చివరి నుంచి మొదలు. అన్నీ కుదురుకున్నాయి, ఒక్క స్ప్రింగు తప్ప. మనింట్లో ఆ పని ఎలా జరిగేదో చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని చూసేదానివి. నా ఎడమ చెయ్యి పిస్తోలుని పట్టుకుంటుంది, కుడి చెయ్యి పిన్ను తోస్తుంది. ఆ క్షణంలో స్ప్రింగుని నొక్కిపట్టేది మీ అమ్మ బొటనవేలు. తడి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "కానివ్వండి, పొయ్యి మీద పాలున్నాయి," అనేది. పెళ్ళయినప్పటి నుంచీ నేను మూడు చేతుల మనిషినే. ఇంకో పద్ధతి నేర్చుకోవాలని ఎప్పుడూ తోచలేదు.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు తల్లీ. మీ అమ్మ నడుస్తోంది, మాట్లాడుతోంది, నన్ను తిడుతోంది. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. నువ్వు కొత్త లైనుకి మారిన వారంలోనే, పొద్దున్నే చేతిలోంచి గ్లాసు జారిపోయింది. పక్షవాతమని ఆస్పత్రిలో ఉంచారు. కాలు తిరిగి స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి సంగతి వాళ్ళూ చెప్పలేకపోతున్నారు. పోయిన ఉత్తరం కింద అమ్మ రాసినట్టు ఆ రెండు ముక్కలూ రాసింది నేనే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాకు అదీ చేతకాలేదు.

నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. "వెనకాల రైలెడు జనాన్ని వేసుకుని నడిపే పిల్లండీ. దాని కళ్ళు పట్టాల మీదుండాలి, మన మీద కాదు," అంది. ఇవాళ ఆ ఒట్టు తప్పుతున్నాను. నావల్ల కావడం లేదు.

స్ప్రింగు దగ్గర నేను ఆగిపోతే, సుత్తి చప్పుడు ఆగడాన్ని బట్టి కనిపెట్టింది. నేను పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఎడమ చేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టి, బొటనవేలిని స్ప్రింగు మీద ఆనించింది. "కానివ్వండి," అంది. పిన్ను తోశాను. స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ఎడమచేత్తో నొక్కవే అంటే, "దీని పని ఇదే చేస్తుంది," అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్న ఇదే తంతు. ఎగిరిపోవడం, ఇద్దరం నేలంతా దేవులాడటం.

వెల్డింగు బాబాయి స్ప్రింగుని నొక్కిపట్టే చిన్న క్లాంపు ఒకటి ఇచ్చాడు. "ఇది బిగించావంటే క్షణంలో పనైపోతుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు," అన్నాడు. దాన్ని తెచ్చి సొరుగు అడుగున, మేకుల కింద దాచాను. నెలాఖరుకి డాక్టరు వస్తాడు. క్లాంపు బయటికి తీస్తే పిస్తోలు పని పూర్తవుతుంది, మీ అమ్మ ఇక ఆ కుర్చీలోకి రాదు. తియ్యకపోతే ఆ చేతిని రోజూ ఓడిస్తున్నవాణ్ణి నేనే. ఏం చెయ్యాలో నువ్వైనా చెప్పు. సెలవు దొరికితే వచ్చి చెప్పు.

ఈ పొద్దున్న స్ప్రింగు ఎగిరి నా చెప్పు పక్కనే పడింది. చూశాను. దాని మీద కాలు వేసి, బీరువా కింద టార్చి కొట్టి వెతికాను. వెతుకుతున్నంతసేపూ మీ అమ్మ నేలని చూస్తుంది, చేతిని చూడదు. "దొరికిందాండీ?" అని అడిగింది. లేదన్నాను. "ఎక్కడికి పోతుంది లెండి, దొరికాక ఇంకోసారి చూద్దాం," అంది.

స్ప్రింగు ఇప్పుడు నా జేబులో ఉంది. మీ అమ్మ ఇంకా ఎడమ చేత్తో చీపురు పట్టుకుని బల్ల కింద వెతుకుతూనే ఉంది. "ఉత్తరం పిల్లకేనా? అమ్మ కులాసాగా ఉందని రాయండి," అని అక్కణ్ణుంచే కేకేసింది.

రాశానని చెప్పాను.

ఇట్లు,
ఏమీ తోచని
మీ నాన్న