పదకొండో ఫోను మోగేదాకా

వాంగనూయి పట్టణం కాసిల్‌క్లిఫ్ పేటలో ఉండే రేవి కీటింగ్ అనే నేను, ఇరవై మూడేళ్ళ వయసులో, ఒకరి బలవంతం లేకుండా, నా తదనంతరం అమలు కావడానికి రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. కాళ్ళే నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు కుర్చీలోంచి తొమ్మిదిసార్లు లేచాను. గురువారం పొద్దున ‘పెట్రెల్’ పడవలో నలుగురం మొరురోవా దీవికి బయల్దేరుతున్నాం, ఫ్రాన్సువాళ్ళు అణుబాంబు పేల్చే నీళ్ళకు అడ్డంగా నిలబడడానికి. తిరిగి వస్తామని ఎవరూ రాసివ్వలేదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా అక్క నైరిది. కరపత్రాలు చదివి చెడిపోయానని అక్క నమ్మకం. ఆ కరపత్రాల మూడు పెట్టెలూ ఆమెకే. చదవకుండా పొయ్యిలో పెడితే ఈ అంశం చెల్లదు.

2. ఫోనులు బాగుచేసే నా పనిముట్లు, డయలు స్ప్రింగులు, గంటల జతలు, ఫోనుల ఒళ్ళు పాలిష్ చేసే గుడ్డలతో సహా అక్కకే. “స్క్రూలు తిప్పుతున్నావా, వాటితో తగాదా పడుతున్నావా?” అని ఎన్నిసార్లు వెక్కిరించిందో! ఆమె చెయ్యి నాకంటే నిదానం. డయలు విప్పేటప్పుడు ఏ ముక్క ఎక్కడిదో కాగితం మీద గీసుకోమని మాత్రం మనవి. నేను గీసుకోలేదు.

3. పాత సామాన్ల దుకాణం సెడ్రిక్ టిప్పెట్‌కు, ఫోను డయలు మీద బిగించే పది ఇంగ్లండు అంకెల బిళ్ళలు. అవి అతనిచ్చినవే. రెండేళ్ళ కిందట పాత నల్ల ఫోనులు పదకొండు బాగుచేసి అతని కొట్లో అమ్మాను. వాటి అసలు బిళ్ళలు పగిలిపోయాయంటే, ఇంగ్లండునుంచి తెప్పించినవి నా చేతిలో పోశాడు. “అంకెలెవడు చూస్తాడయ్యా, మెరుపు చూస్తారు గానీ!” అన్నాడు. బిగించింది మాత్రం నేను. అతన్ని తిట్టినంత మాత్రాన ఆ సంగతి మారదు.

మన దేశంలో పుట్టినవాళ్ళెవరూ చేయకూడని తప్పు అది. మన డయలు మీద అంకెలు ఇంగ్లండువాటికి తిరగేసి నడుస్తాయి. ఇంగ్లండు ఫోనులో ఒకటి ఉన్న చోట మనకు తొమ్మిది. సున్నా, ఐదు మాత్రమే రెండింటిలోనూ ఒకే చోట ఉంటాయి. బిగించిన ప్రతి ఫోనునుంచీ మా అమ్మకు ఫోను చేసి పరీక్షించాను. మా ఇంటి నంబరు 55-050. పదకొండుసార్లూ అమ్మే ఎత్తింది. పదకొండోసారి, “ఒరేయ్, నీకు ఫోను చెయ్యడానికి ఇంకెవరూ లేరా?” అంది. నిజంగానే లేరు.

4. ఆ 55-050 నంబరు మా అమ్మ నోలీన్‌కు. అది నాది కాదని తెలుసు, అయినా రాస్తున్నాను. అమ్మా, నొక్కుడు ఫోను కొనుక్కో, కాదనను. నంబరు మాత్రం మార్చకు. అక్క వాళ్ళింటికి రమ్మన్నా అప్పుడే వెళ్ళకు. ఆ తప్పుడు ఫోనులనుంచి సరిగా చేరే ఇల్లు ఊళ్ళో నాకు తెలిసి మనదొక్కటే.

5. తప్పు తెలిశాక పది ఫోనులు వెనక్కి తెచ్చి సరిచేశాను. పదకొండోది ఎవరి ఇంట్లో ఉందో టిప్పెట్‌కు గుర్తులేదట. కింద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ అంటించినది అదొక్కటే. వారం వారం పత్రికలో ప్రకటన వేయించాలి: ‘అలాంటి ఫోను మీ ఇంట్లో ఉంటే వెంటనే 55-050కి తిప్పండి.’ ఆపదలో ఎవరైనా దానిమీద అంబులెన్సు నంబరు 111 తిప్పితే ఎక్స్చేంజికి 999 వినిపిస్తుంది. అంబులెన్సు రాదు.

6. ~~నా మరణానంతరం ఈనిడ్ హాడర్ గారికి, జత చేసిన కవరు అందించవలెను.~~

పై అంశం నేనే కొట్టేశాను. నా పదకొండు ఫోనుల్లో ఒకటి హాడర్ గారింట్లోనే ఉండేది. కిందటి ఆగస్టులో ఆమె భర్త ఆల్ఫ్ గారు వంటింట్లో కూలిపోయారు. ఆమె మూడుసార్లు 111 తిప్పి, ఎవరూ పలక్క, పక్కింటికి పరుగెత్తారు. అంబులెన్సు వచ్చేసరికి ఆయన లేరు. తర్వాత ఆ ఫోను సంచిలో పెట్టుకుని నా దగ్గరికే వచ్చారు. “దీనికేమైందో చూడు బాబూ” అన్నారు. బిళ్ళ చూడగానే నాకు అర్థమైంది. “తప్పు లైనుదండీ” అన్నాను. ప్రభుత్వాలు నిజం దాస్తాయని వీధి మలుపుల్లో గొంతు చించుకునేవాణ్ణి నేను! ముందే వచ్చినా ఆయన బతికేవారు కాదేమో అని డాక్టరు అన్నాడట. ఆ మాట చాటున దాక్కోను.

నిన్న మధ్యాహ్నం కవరు పట్టుకుని వెళ్ళి, చింపి, నోటితోనే చెప్పాను. ఆమె స్టవ్ మీది కెటిలు దించి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు: “చచ్చాక చేరే కవర్లో పెట్టావంటే, నా జవాబు వినే పని తప్పించుకుందామనేగా? తెలివైనవాడివే.” టీ ఇవ్వలేదు. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, “ఆ పదకొండోది దొరికిందా?” అని అడిగారు. లేదన్నాను. “మీ అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందా, సంతకెళ్ళదా? మంగళ, శుక్రవారాలు నేనొచ్చి ఆ ఫోను దగ్గర కూర్చుంటాను. నీకోసం కాదు.”

7. హాడర్ గారికి నేనేమీ రాయడం లేదు. సాక్షికి రాసిన ఆస్తి చెల్లదు. సాక్షిగానే ఉంటానని ఆమె అడిగారు.

1990 మే 22, మంగళవారం, మా అమ్మ ఇంట్లో, ఫోను బల్ల మీద.

(సంతకం) రేవి కీటింగ్

సాక్షులు:
విమ్ ద్యూకర్, ‘పెట్రెల్’ పడవ నడిపేవాడు.
ఈనిడ్ హాడర్. అంతా చదివాను. కోపం ఇంకా తగ్గలేదు. తిరిగొచ్చి ఆ పదకొండో ఫోను నువ్వే సరిచెయ్యి.