కార్తీక సోమవారాలూ మోకాలి మాత్రలూ

అక్కకి,

పద్మజ నమస్కారాలు. నేనిక్కడ కులాసా. అక్కడ మీరంతా కులాసాయే అనుకుంటున్నానని రాయడం ఆనవాయితీ గానీ, నీ సంగతి బావగారు ఫోన్లో చెప్పేశారు కాబట్టి ఆ ముక్క రాయబుద్ధి కావడం లేదు. మీ అత్తయ్యగారి దగ్గు తగ్గిందా? బావగారిని మాత్రం కోప్పడకు. ఆయన చెప్పకపోతే నాకెవరు చెబుతారు?

ఫోన్లో అడిగితే "ఆఁ, బానే ఉన్నానే, నువ్వేం వండుకున్నావు?" అంటూ నా మాట గాలికొదిలేస్తావు. అందుకే రాస్తున్నాను. ఉయ్యూరు అమ్మాయి ఒకామె సెలవు మీద వస్తుంటే ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. సంచిలో చాక్లెట్లు, అత్తయ్యగారికి ఉన్ని శాలువా, నీ మోకాలికి వేసుకునే పట్టీ ఉన్నాయి. నువ్వు రెండు డబ్బాలు పంపమన్న నొప్పి మాత్రలు మాత్రం లేవు. సంచి తిరగేసి వెతక్కు. కావాలనే పెట్టలేదు. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో.

ఐర్లండ్‌లో చలి మొదలైంది. వాన అంటే మన బందరు వాన కాదు, రోజంతా జల్లెడ పట్టినట్టు కురుస్తూనే ఉంటుంది. బట్టలు ఆరవు. మొన్న ఆదివారం ఊరగాయ సీసా అడుగున మిగిలింది అన్నంలో కలుపుకుని తింటుంటే ఎందుకో ఏడుపొచ్చింది. కంగారుపడకు, తిన్నాను, శుభ్రంగా తిన్నాను. వృద్ధాశ్రమంలో పని అలవాటైపోయింది. స్నానాలు చేయించడం, అన్నం పెట్టడం, కబుర్లు చెప్పడం. నా ఇంగ్లీషు విని వాళ్ళూ, వాళ్ళది విని నేనూ నవ్వుకుంటాం.

అక్కడ నోరా అని ఒక పెద్దావిడ ఉంది. చేతివేళ్ళన్నీ వంకర్లు తిరిగిపోయి పొద్దున్నే కప్పు కూడా పట్టుకోలేదు. లేస్తూనే నొప్పి మాత్ర అడుగుతుంది. జావ తాగితే గానీ ఆన్సీ సిస్టర్ ఇవ్వదు. ఈ సిస్టర్ కేరళ ఆవిడ, మాకందరికీ పెద్ద నర్సు. మొన్న నోరాకి ఒళ్ళుమండి చెంచా విసిరికొట్టింది. నేను జాలిపడి "పాపం, ఇచ్చేయకూడదా సిస్టర్?" అన్నాను. ఆవిడ టీ వేళ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. వింటున్నంతసేపూ నాకు నువ్వే కళ్ళముందు కనిపించావు.

కీలు అరిగినా, దెబ్బ తగిలినా ఆ చోట మన ఒళ్ళే ఒక పదార్థాన్ని తయారుచేస్తుందట. వాపూ నొప్పీ చాలావరకూ దానివల్లే. ఈ మాత్ర ఆ తయారీని ఆపుతుంది. అంతే గానీ అరిగిన కీలుని బాగుచేయదు. కడుపు లోపలి పొరని కాపాడేదీ, మూత్రపిండాలకి రక్తం సరిగ్గా అందేలా చూసేదీ కూడా ఆ జాతి పదార్థమేనట. మాత్రకి మోకాలేదో కడుపేదో తెలీదు కదా. కలుపు ఉన్న చేనొక్కటే ఎండాలని పైన కాలవ లాకు మూసేస్తే, కింద వరి నాట్లు ఊడ్చిన చేలన్నీ ఎండిపోవూ? అదీ సంగతి. నువ్వు వేసుకునే డైక్లోఫెనాక్ అయినా, ఇక్కడ నోరాకిచ్చే ఐబుప్రొఫెన్ అయినా పేరే వేరు, చేసే పని ఒకటే. ఫారిన్ మాత్రలైతే కడుపుకి పడతాయన్న మాట నీకెవరు చెప్పారో గానీ, వాళ్ళని నా దగ్గరికి పంపు!

ఇప్పుడు నీ సంగతి. పోయిన నెల శనివారం ఉపవాసం ఉండి, పెళ్ళిళ్ళ ఆర్డరని తెల్లారేసరికే గాజులకి రాళ్ళు అతికించడానికి కూర్చున్నావట. కాలు లాగుతోందని కాఫీతో ఒక మాత్ర, మధ్యాహ్నం మంచినీళ్ళతో ఇంకోటి. అత్తయ్యగారు "మాత్ర అన్నం కాదుగా అమ్మా, ఉపవాసానికేం దోషం లేదులే" అన్నారట. ఆవిణ్ణి అనకు, మీ చిలకలపూడిలో ఎవరిల్లైనా అదే మాట. కానీ అక్కా, విరేచనం తారులాగా నల్లగా అవుతుంటే ఎవరికీ చెప్పకుండా ఎలా ఊరుకున్నావే? కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే గానీ తెలియలేదు. బందరులో డాక్టరు గొట్టం వేసి చూసి, కడుపులో పుండు పడింది, రక్తం పోయింది, ఈ మాత్రలు ఇక ముట్టుకోవద్దు, వేళకి తినమన్నారు. నువ్వు బుద్ధిగా తలూపావు. వారం తిరక్కుండా రాళ్ళ డబ్బా కింద మళ్ళీ మాత్రల అట్ట కనిపించిందని బావగారు చెప్పారు. పైగా కార్తీకం సోమవారాలన్నీ ఉంటాను, ఎవరు చెప్పినా వినను అన్నావట!

"తిని వేసుకుంటే సరిపోతుందిగా" అంటావు, నాకు తెలుసు. అదీ ఆన్సీ సిస్టర్‌ని అడిగాను. తింటే మంట కొంత తగ్గుతుందేమో గానీ, మాత్ర రక్తంలో కలిశాక కూడా ఆ పొరకి చేటు చేస్తూనే ఉంటుందట. ఒకసారి పుండు పడి రక్తం పోయినవాళ్ళు డాక్టరు ఇస్తే తప్ప ముట్టుకోకూడదు. నువ్వు బీపీ మాత్ర కూడా వేసుకుంటావు, ఉపవాసమని నీళ్ళూ సరిగ్గా తాగవు, అప్పుడు మూత్రపిండాలకీ ముప్పే. మోకాలికి పైన రాసే మందు ఉందా, జ్వరం బిళ్ళ నొప్పికి వేసుకోవచ్చా అని డాక్టరునే అడుగు, మందుల షాపు అబ్బాయిని కాదు. ఆయన ఇచ్చిన కడుపు మాత్ర మానకు. మళ్ళీ నల్లగా కనిపిస్తే ఆ నిమిషమే బావగారితో చెప్పి ఆసుపత్రికి వెళ్ళు. సిగ్గుపడే వేళ కాదది. నేలమీద మఠం వేసుకుని పనిచేయకు, ఎత్తు బల్ల చేయించమని బావగారికి చెప్పాను.

ఇంకొక్క మాట. సోమవారాలు ఎందుకంత పట్టుదలగా ఉంటున్నావో నువ్వు చెప్పలేదు, అత్తయ్యగారు చెప్పారు. దేశం కాని దేశంలో నేను ఒంటరిగా ఉన్నానని, నా ఒంటికీ ఉద్యోగానికీ ఏమీ కాకూడదని మొక్కుకున్నావట. ఫోన్ పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత చచ్చేంత కోపం వచ్చింది. నీ కడుపు చిల్లులు పడుతుంటే నేనిక్కడ చల్లగా ఉండాలా? నువ్వు లేకపోతే నేనెవరికే చెల్లెల్ని?

అత్తయ్యగారికి మళ్ళీ ఫోన్ చేసి, ఆ సోమవారాలు అక్క బదులు నేనుంటే చెల్లుతుందా అని అడిగాను. ఆవిడ "ఎవరికోసం మొక్కిందో వాళ్ళే ఉంటానంటే శివుడు కాదంటాడా, పిచ్చిపిల్లా!" అన్నారు. కాబట్టి ఈ కార్తీకం నాది. ఇక్కడ నాలుగు దాటేసరికే చీకటి పడిపోతుంది, నాకేం కష్టం లేదు. ఆ మబ్బులో ఉపవాసం విడవడానికి చూడాల్సిన చుక్క కనిపించకపోతే ఉందనుకుని దణ్ణం పెట్టుకుంటాను.

బావగారికీ అత్తయ్యగారికీ నా నమస్కారాలు చెప్పు. నన్ను దీవించు, ఆ దీవించేదేదో కడుపునిండా తిని దీవించు. సోమవారం పొద్దున్నే నువ్వు ఇడ్లీ తిను, మధ్యాహ్నం అన్నం తిను. మన మొక్కు నేను తీరుస్తాను.

నీ చెల్లెలు,
పద్మజ