విముక్తి సూపు

క్రాకువ్, 14 మే 2025

స్మారక సంఘం అధ్యక్షులు శ్రీ లుడ్విక్ గారి సముఖానికి నమస్కారాలు. తమ మోకాళ్లు సహకరిస్తున్నాయని, చెవుల్లోకి పొగడ్తలు యథాప్రకారం చేరుతున్నాయని తలుస్తాను.

మర్యాద అయిపోయింది. ఒరే లుడ్విక్, నీకు మతి ఉందా?

నాజీల చేతుల్లోంచి మన శిబిరానికి విముక్తి దొరికి ఎనభై ఏళ్లయింది రమ్మన్నావు, వచ్చాను. జెండాలు, పూలగుత్తులు, మంత్రుల ఉపన్యాసాలు ఓర్చుకున్నాను. ఆ యుద్ధం మీద అచ్చయిన పుస్తకాలు గదినిండా చదివినవాణ్ణి, అబద్ధాలు నాకు కొత్త కాదు. కానీ మనల్ని నిలబెట్టి లెక్కపెట్టిన మైదానంలో ఆ వంట బండి చూసి ఆగిపోయాను. 'విముక్తి సూపు' అని బోర్డొకటి. పంది మాంసం, బీన్సు, పైన తేలే కొవ్వు. అదే వాసన. వడ్డించే అమ్మాయి గిన్నె నా చేతిలో పెట్టి, తాగండి తాతగారూ, మీ ప్రాణం నిలబెట్టింది ఇదే కదా అంది.

నిలబెట్టిందట!

నువ్వక్కడే ఉన్నావు కదరా. అమెరికన్లు గేటు తోసుకొచ్చిన సాయంత్రం మా అన్న వితోల్ద్ గిన్నె మీద గిన్నె తాగాడు. నాకు జ్వరం, గుటక దిగలేదు. తాగరా పిరికోడా, ఇవాళ్టి నుంచి మనం మనుషులం అని వెక్కిరించాడు. నెలల తరబడి ఎండిన కడుపు ఆ కొవ్వుకి తట్టుకోలేదు. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి నా ఒళ్లో పోయాడు. కాపలావాళ్లు పారిపోయారు, కాల్చేవాడు లేడు, అయినా పోయాడు. అలా ఎంతమంది పోయారో గోతులు తవ్విన నీకే తెలుసు.

పక్కకి లాగి అడిగితే ఏమన్నావు? వానలో తడిసిన జనానికి వేడిగా ఏదో ఒకటి పొయ్యాలి కదా హిపోలిట్, ఎప్పుడూ ఏడుపేనా, ఈ ఒక్క ముచ్చటైనా ఉండనీ అన్నావు. ముచ్చట!

నా ప్రసంగాలు కత్తిరించావు, నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టావు. అవన్నీ వదిలేస్తాను. ఇది వదలను. వచ్చే ఏడు ఆ కుండ పొయ్యెక్కితే మైకు లాక్కుని, వితోల్ద్ ఎలా పోయాడో బడిపిల్లలందరి ముందూ చెబుతాను. ఈసారి ఎందుకు చెప్పలేదంటావా, గొంతు పట్టేసింది.

నీ మిత్రుడనిపించుకోవాలని లేని,
హిపోలిట్

తా.క. గొంతు పట్టేసిందన్నది అబద్ధం. మైకు వైపే నడుస్తున్నాను. చక్రాల కుర్చీలో ఉన్న ఆ అమెరికన్ ముసలాయన, వెర్నన్, నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు గరిటె పట్టిన వంటవాడు తనేనట. ఏమీ తెలియని కుర్రాణ్ణి, నా బతుకులో చేసిన ఒకే ఒక్క మంచి పని అదే, మీదాకా అందిందా అని అడిగాడు. నాకంటే ముందు మా అన్నకి అందింది, కడుపు నిండా తాగాడు అన్నాను. సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. వచ్చే ఏడూ వస్తానన్నాడు.

వస్తే కుండ పెట్టించు. ఆయన ఎదురుగా నేనూ ఒక గిన్నె తాగుతాను. ఆయన రాని ఏడు మాత్రం మైకు నాకివ్వు.