బతికున్న మనిషి మీద శోకం

భావనపాడు,
14-9-2025, ఆదివారం.

శ్రీయుత ర్యాప్ సార్వభౌమ త్రీనాట్ గారి సముఖానికి,

భావనపాడు నుంచి ఎల్లాజీ కూతురు కుసుమకుమారి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. నేను అలా మొదలుపెట్టను. మీరు క్షేమంగానే ఉన్నారని యూట్యూబు రోజూ చెబుతోంది. మేము మాత్రం క్షేమంగా లేము. అందుకు కారణం మీరే.

ఈ "గారు" ఇక్కడితో సరి. ఎచ్చెర్లలో రెండేళ్ళు పక్క పక్క బెంచీల్లో ఎం.ఏ. తెలుగు వెలగబెట్టిన వాళ్ళం. అప్పుడు నువ్వు ఉత్త త్రినాథ్‌వి. ఆమదాలవలస బియ్యం కొట్టు వాళ్ళ అబ్బాయివి. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను చేస్తే నీ మేనేజరట, ఎవరో ఎత్తి సార్ స్టూడియోలో ఉన్నారంటాడు. మెసేజీ పెడితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. ఉత్తరమైతే కనీసం చించడానికైనా విప్పాలి కదా. పైగా ఇది నేనొక్కదాన్నే రాస్తున్నది కాదు. అమ్మ నా పక్కనే కూర్చుని చేటలో ఎండు చేపలు ఏరుతోంది. పేరా అయ్యేసరికి ఆపి, "ఏటి రాసినావు, సదువు" అంటోంది. చదువుతున్నాను. కాబట్టి ఇందులో తిట్లు ఇద్దరివీ అనుకో.

ముందు నీ ఇంటర్వ్యూ సంగతి. నీకు ఇష్టమైన ఐదుగురు ర్యాపర్లు ఎవరని ఆ యాంకరమ్మాయి అడిగింది. నువ్వు నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నావు. మొదటివాడు ముంబయి చెయిన్ కింగ్ అన్నావు. రెండోవాడు ఢిల్లీ నవాబ్ నైన్. మూడూ నాలుగూ అమెరికా వాళ్ళు, నువ్వు పలికిన తీరుకి ఆ పేర్లు వాళ్ళను కన్న తల్లులు కూడా గుర్తుపట్టరు. ఐదోవాడివి నువ్వేనట. చూస్తున్న నాకు సిగ్గేసింది, నీకు వెయ్యలేదు.

చెయిన్ కింగ్ గొప్పేమిటిరా? పాట మొదలు నుంచి చివరి దాకా తన కారు, తన గొలుసు, తన శత్రువు. ఆ శత్రువు ఎవరో ఏడు పాటలు విన్నా తెలీదు. పాపం వాడికీ తెలీదనుకుంటాను. నవాబ్ నైన్ వేగం చూడు అంటావు. వేగమొక్కటే గొప్పయితే, బండి కదిలేలోగా పెట్టెలన్నీ తిరిగి జీడిపప్పు అమ్మేసే పలాస స్టేషన్ వాళ్ళకి వాడికంటే ముందు పెద్దపీట వెయ్యాలి. పైగా వాళ్ళు అరిచేది మనకి అర్థమవుతుంది.

నా వరస నీకు తెలుసు. మొదట విజయనగరం అనిత. మిల్లు మూసేశాక కూడా వాళ్ళ నాన్న రోజూ అదే టైముకి క్యారేజీ పట్టుకుని బయల్దేరి, గేటు దాకా వెళ్ళి వచ్చేవాడని ఆమె చెప్పుకుంటుంది చూడు, ఆ పాట ఒక్కటి చాలు. మధ్యలో ఆమె ఊపిరి పీల్చుకునే చప్పుడు వినపడుతుంది. దాన్ని కొయ్యలేదు. చూడనిది ఒక్క ముక్క చెప్పదు. తర్వాత హార్బరు ధనరాజు. తాగి పాడతాడు, తాళం తప్పుతాడు, ఒప్పుకుంటాను. కానీ మాటని ఎక్కడ విరవాలో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఎచ్చెర్ల బస్సులో ఇయర్‌ఫోను చెరో చెవిన పెట్టుకుని మనం కొట్టుకున్నదంతా వీళ్ళిద్దరిలో ఎవరు గొప్ప అనే కదా. నువ్వు ధనరాజు పక్షం. వాడి కోసం నాతో వారం రోజులు మాట్లాడడం మానేశావు కూడా. ఇప్పుడు నీ ఐదుగురిలో వాడి పేరు లేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు.

సరే, పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఇంతవరకూ నీతో నాది పాత దెబ్బలాటే. అసలు కోపం దీని తర్వాతది.

నీ "గంగమ్మ డ్రాప్" పాట మొదట్లో వినపడే ఆడగొంతు ఎవరిదని ఆ అమ్మాయి అడిగింది. నువ్వు నవ్వి, ఎవరో ముసలమ్మ ఏడుపు, నెట్‌లో ఎక్కడో దొరికింది అన్నావు.

ఎవరో ముసలమ్మ!

ఈ మాట చదవగానే అమ్మ చేటలో చెయ్యి ఆపేసింది. "ఆ గుంటడు నా సేతి పులుసు తిన్నాడు. నా నోటి ఏడుపు అమ్ముకుంటన్నాడు. పైగా నానెవరో ఎరగడంట. ఉన్నదున్నట్టు రాయి" అంది. రాశాను.

శ్రావణంలో మా వీధి తవిటమ్మత్త కొడుకు పృథ్వీరాజ్ పెళ్ళయింది. ఊరేగింపుకి టెక్కలి నుంచి డీజే తెచ్చారు. పెళ్ళికూతురికి దిష్టి తియ్యడానికి అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ డీజే బండి మీది స్పీకరు పెట్టెల్లోంచి అమ్మ గొంతే వచ్చింది.

"ఉప్పెక్కువైనాదంటే నోరెత్తినాను గదరా రాజా,
ఆ మాట ఎనక్కి తీసుకుంటాను, ఇంటికి రారా రాజా,
గంగమ్మా, నా మనిసిని నాకిచ్చీయే,
ఉప్పు నేని కూడు నాను తింటానే..."

ఆ "తింటానే" దగ్గర నువ్వు దబ్బుమని బేసు పడేశావు. యాభై మంది ఒక్కసారి గెంతారు. పెళ్ళికొడుకు కూడా గెంతాడు. అమ్మ చేతిలో పళ్ళెం కింద పడింది. నాన్న ఎదుటి అరుగు మీదే ఉన్నాడు. తను పోయాడని పెళ్ళాం ఎత్తిన శోకాన్ని, తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళిలో కూర్చుని విన్నాడు.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను, మర్చిపోయినట్టున్నావు గనక. ఆరేళ్ళ కిందట కార్తీకంలో వాయుగుండం పట్టి, నాన్న పడవ కనపడకుండా పోయింది. తొమ్మిదో రోజు మా పడవ రంగున్న పలక ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పెద్దలు దాన్ని చూసి ఇంక ఆశ లేదన్నారు. అప్పుడు అమ్మ ఇసకలో కూలబడి శోకం ఎత్తింది. పద్నాలుగో రోజున, ఒడిశా జాలర్లు కాపాడి రైలెక్కించిన పుణ్యమా అని, నాన్న బతికొచ్చాడు. పలాసలో దిగాల్సిన మనిషి రైల్లో నిద్రపోయి ఆమదాలవలసలో తేలాడు. అక్కడ ఎవరిదో ఫోను అడిగి నాకు చేస్తే, నేను నీకు చేశాను. నువ్వు కొట్టు వదిలేసి పరిగెత్తావు. నాన్నని నీ బండి మీద ఎక్కించుకుని ఇక్కడి దాకా తెచ్చావు. ఆ మేలు మేము మర్చిపోలేదు. ఆ రోజు అమ్మ పులుసు ముందు నీకు వడ్డించి, తర్వాతే నాన్నకి వడ్డించింది.

అంతకుముందు జరిగింది కూడా నువ్వు కళ్ళారా చూశావు. నాన్నని తిన్నగా ఇంట్లోకి రానివ్వలేదు. ఒడ్డున గంగమ్మ దగ్గరికి తీసికెళ్ళి పసుపు నీళ్ళు పోశారు. అమ్మ చేత అవే నీళ్ళతో మూడుసార్లు నోరు పుక్కిలించి సముద్రంలో ఉమ్మించారు. ఎత్తిన శోకం తిరిగి ఇచ్చేసినట్టన్నమాట. ఇకమీద ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆ మనిషి చెవిన పడకూడదని మా దేముడమ్మ అమ్మమ్మ కట్టడి చేసింది. పోయినవాడి శోకం ఎవరు విన్నా దోషం లేదు. బతికొచ్చినవాడు తన శోకం తాను వింటే మాత్రం సముద్రం వాణ్ణి మళ్ళీ అడుగుతుందని మా ఇంటి నమ్మకం.

నువ్వు నమ్మనక్కర్లేదు. నేను నమ్ముతానో లేదో నాకే తెలీదు. కానీ అమ్మ నమ్ముతుంది. పెళ్ళి జరిగిన రోజు నుంచీ నాన్నని వేటకి వెళ్ళనివ్వడం లేదు. నెల దాటింది. పడవ ఒడ్డున ఎండుతోంది. నాన్న కాలు బయట పెడితే అమ్మ వెనకే వెళ్ళి, ఇసక కనపడగానే చొక్కా పట్టుకుని వెనక్కి లాక్కొస్తోంది. పదహారో ఏట నుంచి సముద్రం మీద బతికిన మనిషి, ఇప్పుడు వాకిట్లో కూర్చుని బాగున్న వలనే మళ్ళీ మళ్ళీ బాగుచేస్తున్నాడు. చూడలేకపోతున్నాను.

పెళ్ళి మర్నాడు ఒక్కసారి నువ్వే ఫోనెత్తావు. అప్పుడు నువ్వన్న మాట ఇంకా చెవిలో ఉంది. "మీ నాన్న వచ్చీసినాడు కదే, ఇంకేటి బాద? పోయినోళ్ళ శోకమైతే తప్పు గానీ" అన్నావు. ఎంత తలకిందులుగా అర్థం చేసుకున్నావురా! వడ్లు తెలుసు, బియ్యం తెలుసు, సముద్రం గురించి ఒక్క ముక్క తెలీదు నీకు. నాన్న పోయి ఉంటే ఆ పాట విని నేను ఏడ్చేదాన్నేమో గానీ, నీ మీద ఇంత మండిపడేదాన్ని కాదు.

పోనీ, నమ్మకాలు పక్కన పెట్టు. ర్యాప్‌గా చూసినా నువ్వు చేసింది చెత్త. ఆ రోజు అమ్మ ఏ మాటా రెండోసారి అనలేదు. నువ్వు నాలుగు ముక్కలు కోసి, అవే పదహారుసార్లు తిప్పావు. అమ్మ గొంతు పూడుకుపోయి ఆగిన చోట చప్పట్లు పెట్టావు. ఆ ఆగడమే అసలు పాటని తెలీని వాడివి ఎం.ఏ. ఎలా పాసయ్యావో నాకు అంతుపట్టదు. చెయిన్ కింగ్ దగ్గర నేర్చుకున్నది ఇదేనా?

ఆ ఏడుపు ఫోనులో ఎవరు పట్టారో, నీ చేతికి ఎలా చిక్కిందో నాకు తెలీదు. అమ్మ మూడుసార్లు అడిగింది. తెలీదనే చెప్పాను. ఆ రోజు ఒడ్డున ఊరంతా ఉంది.

ఇక మా మాట. వచ్చే అమావాస్య లోపల ఆ పాటని అన్నిచోట్ల నుంచీ తీసెయ్. తర్వాత ఇక్కడికి రా. గంగమ్మ ముందు, అమ్మా నాన్నా ఇద్దరూ ఉండగా, తప్పయిందని నోటితో చెప్పు. అప్పుడుగానీ నాన్నని సముద్రం మీదకి వదలనంటోంది అమ్మ. కొబ్బరికాయ నేనే తెస్తాను, ఆ బెంగ వద్దు. "రాడానికి సిగ్గయితే మొకానికి గుడ్డ కట్టుకొని రమ్మను, ఆ పాటలో కట్టుకుంటాడు గదా" అని కూడా రాయమంది. రాశాను.

ఇట్లు,
ఒకప్పుడు నిన్ను మంచి శ్రోతవని నమ్మినది,
కుసుమకుమారి.

కింది వేలిముద్ర అమ్మది. చేప పొలుసు అంటుకుంది, తుడవనివ్వలేదు.

తా.క.: ఇది అమ్మకి చదవలేదు. సోమవారం పొద్దున్న, టెక్కలి పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను.

ఆ ఏడుపు పట్టింది నేనేనని నీకు తెలుసు. అమ్మ అలా చెప్పుకుంటూ పోతుంటే ఒక్క మాట కూడా పోకూడదనిపించి, చున్నీ కింద ఫోను పెట్టి పదకొండు నిమిషాలూ పట్టాను. తండ్రి పోయాడని ఏడవాల్సినదాన్ని, ఎంత బాగా చెబుతోందో అనుకుంటూ విన్నాను. ఆ తప్పు ఒక్కదాన్నే మొయ్యలేక ఆ సాయంత్రమే నీకు పంపాను. ఎవరి గొంతో ఎవరికీ చెప్పనని నీ చేత ఒట్టు వేయించుకున్నాను. నువ్వు విని, "ధనరాజూ కాదు, అనితా కాదు, మొదటి పేరు మీయమ్మదే" అన్నావు. నాన్న తిరిగొచ్చాక భయపడి నా ఫోనులోది చెరిపేశాను. అంటే ఎవరో ముసలమ్మ అని నువ్వన్నది నాకు వేసిన ఒట్టు నిలబెట్టుకోడానికే. అది తెలిసే తిట్టాను, పక్కన అమ్మ ఉంది గనక. బేసు వేసినందుకు తిట్టిన తిట్లు మాత్రం వెనక్కి తీసుకోను.

ఇవాళ నాన్న నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు, బస్సు ఆగేది సముద్రం వైపు కాదు గనక అమ్మ పంపింది. ఎవరూ లేకుండా చూసి, "అందులో నాలుగు ముక్కలే ఉన్నాయి గదమ్మా, మిగతాదేటన్నాది మీయమ్మ?" అని అడిగాడు. వినకూడదు కదా నాన్నా అన్నాను. "ముప్పై ఏళ్ళ కాపరంలో నన్నొక్క మంచి మాట అన్లేదు. సచ్చిపోనాననుకున్నాక అన్నాదంట, అది ఊరంతా ఇన్నాదంట, నానొక్కణ్ణే ఇనకూడదంట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, బస్సు వచ్చేదాకా నా ముఖం చూడలేదు.

పాట తీసెయ్. ఫైలు మాత్రం చెరపకు, లోకంలో అదొక్కటే ఉంది. వచ్చేటప్పుడు పదకొండు నిమిషాలూ నాన్నకి తెచ్చి ఇయ్యి. బేసు లేకుండా.