గునపానికి తగిలింది గొట్టమే

బావులు తవ్వి బతికిన నేను, డెబ్బై ఒకటో ఏట, తెలివీ జ్ఞాపకమూ సరిగ్గా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత ఎదురింటి టైలరుకు అప్పగిస్తున్నాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, పెరటి స్థలంతో సహా, నా ఏకైక కూతురికి సర్వహక్కులతో చెందాలి. ముందుగదిలో మా వదిన బతికున్నంతకాలం ఉండవచ్చు. రానంటుందని తెలుసు. అయినా ఆ హక్కు రద్దు కాదు.

2. నా దగ్గర లంకెబిందెలు లేవు. ఎప్పుడూ లేవు. ఓడిపోయిన రాజుగారి ఖజానాదారు ఏడు బిందెలు పాతించి, పాతిన కూలీలందరినీ చంపించి, తానూ చచ్చాడట. మరి ఈ కథ చెప్పడానికి మిగిలిందెవరు? నలభై ఆరేళ్లు నేల తవ్వాను. మట్టి, రాయి, అదృష్టం బాగుంటే నీళ్లు. అంతే.

పాత గిడ్డంగి వెనక బావి తవ్వుతున్నప్పుడు నేను అడుగున ఉన్నాను, అన్న పైన గిలక దగ్గర ఉన్నాడు. నా గునపం ఖంగుమంది. "ఏంట్రా అది?" అన్నాడు. "గొట్టం అన్నా" అన్నాను. ఆ ఏడే నా భార్య మిషను కుట్టి కూడబెట్టిన డబ్బుతో ఇంటికి స్లాబు వేశాం. అంతే, నాకు బిందెలు దొరికాయని అన్న లెక్క తేల్చేశాడు. ఇరవై రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఆ గొట్టం ముక్క నా బీరువాలో ఉంది. మాటలు ఆగకముందే తీసుకెళ్లి చూపిస్తే "గొట్టాలకేం కరువు" అన్నాడు. దాన్ని పాత ఇనుముకు వేసెయ్యండి.

3. అన్న కొడుకు చేతి గడియారం మా వదినకు చెందాలి. నేను కంటి ఆపరేషన్‌కు వెళ్లిన మూడు రోజుల్లో వాడు నా పెరట్లో గొయ్యి తవ్వాడు. నేను కంటికి కట్టుతో ఇంటికొచ్చేసరికి గొయ్యి కూలిపోయి, జనం చుట్టూ నిలబడి ఉన్నారు. నేనే దిగి వాణ్ణి బయటికి తీశాను. గడియారం తర్వాత మట్టిలో దొరికింది. కడిగి దాచాను. వదినా, తెచ్చి ఇచ్చే ధైర్యం నాకు లేకపోయింది.

4. బంగారం పసిగట్టే యంత్రమని ఏదో డబ్బాను అన్న కొడుక్కి అద్దెకిచ్చిన సైకిల్ షాపు వాడికి ఏమీ లేదు. నా శవాన్ని చూడ్డానికి కూడా వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకూడదు.

5. ఆస్పత్రిలో అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్లకు పట్టుకున్నాడు కదా అనుకున్నాను. "నా కొడుకూ పోయాడు, నేనూ పోతున్నాను. ఇప్పుడైనా చెప్పరా, ఎక్కడ పెట్టావు?" అన్నాడు. లేదన్నాను. చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు. అదే ఆఖరు. కిందటి నెల నాకు అన్నం పెడుతూ నా కూతురు, "నాన్నా, ఎవరికీ చెప్పను, నాకొక్కదానికి చెప్పు" అంది. ఆ రోజు నుంచి ఎవరికీ ఏమీ వివరించడం మానేశాను.

6. నేను పోయాక ఎలాగూ తవ్వుతారు. ఈ కాగితాన్ని కూడా ఎత్తుగడే అంటారు. కాబట్టి నా వారసులకు నేను ఇవ్వగలిగింది నా పనితనం ఒక్కటే. నడుము లోతు దాటితే గోడలకు చెక్కలు ఆనించండి. తీసిన మట్టి అంచున కుప్ప పోయకుండా దూరంగా మోయండి. వాన పడితే వారం దాకా ముట్టుకోకండి. పైన మనిషి లేకుండా దిగకండి. తల్లీ, ఏమీ దొరకనప్పుడు ఇంకొక్క అడుగు తవ్వుదామనిపిస్తుంది. అక్కడ ఆగి, పైకి వచ్చెయ్.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం, పొద్దున.

సంతకం: బావుల పెద్దాయన

సాక్షులు:
మందుల షాపు ఆవిడ
మా వీధి పోస్టుమాన్