పాత బండికి కొత్త రంగు

మార్చి 3, సోమవారం

కంకర క్రషర్ గేటుకి కాగితం అంటించారు. నాకు చదవడం రాక కాదు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కాటా గుమాస్తా చదివి చెప్పాడు. ఏప్రిల్ ఒకటి నుంచి పదిహేనేళ్లు దాటిన లారీ ఏదీ లోపలికి రాకూడదట. ఆ రోజు పొద్దున గేటు దగ్గర బండి లేనివాడి సీరియల్, అంటే లోడింగ్ వరసలో చోటు, వెనకవాడికి పోతుందట.

నాది తొమ్మిదో సీరియల్. నా లారీ వయసు ఇరవై రెండు. ఇరవై ఏళ్లుగా ఆ తొమ్మిదో చోటునుంచే కంకర ఎత్తుతున్నాను.

ఎవడు పెట్టాడీ రూలు అన్నాను. పైవాళ్లు అన్నాడు. పైవాళ్లు ఎప్పుడైనా కంకర తోలారా అన్నాను. నన్నెందుకు తిడతావు బాబాయ్, నేను బరువు రాసుకునేవాణ్ణి అన్నాడు. అదీ నిజమే.

సీరియల్ పోతే నేను ఓనర్ని కాను. ఎవడి గుమ్మం ముందో నిలబడి డ్యూటీ ఉందా అని అడగాలి. అరవై తొమ్మిదేళ్లకి అది నావల్ల కాదు. కొత్త బండి కొనాలి. ఇరవై ఎనిమిది రోజులున్నాయి.

మార్చి 5

మా అమ్మాయిని తీసుకుని షోరూమ్‌కి వెళ్లాను. అమ్మాయి మందుల షాపులో బిల్లింగ్ చూస్తుంది. నా వయసువాడికి బ్యాంకు అప్పు ఇవ్వదట. లోను దాని పేరు మీద. అందుకని అక్కడివాళ్లు కుర్చీ ముందు దానికి వేశారు, నాకు తర్వాత వేశారు.

అంతా అద్దాలు. లారీని నట్టింట్లో నిలబెట్టినట్టు పెట్టారు. టైర్లకి నల్లరంగు పూసి మెరిపించారు. దుమ్ము తగలని టైరుని చూస్తే నాకు నమ్మకం కుదరదు.

మాట్లాడేవాడు మెడకి టై కట్టాడు. నన్ను అంకుల్ అన్నాడు. ఏ వరసన అంకుల్నో నాకు తెలియదు. కాఫీ తెప్పించాడు. కాఫీ అయ్యాక లెక్క కాగితం తెప్పించాడు. బండి ధర, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, పేపర్‌వర్క్ చార్జీ. పేపర్‌వర్క్‌కి ఆరువేలేమిటయ్యా, కాగితం బంగారంతో చేశారా అన్నాను. నవ్వాడు గాని తీసేయలేదు.

కొత్తదాని ధర కంపెనీది, పైసా కదలదట. బేరం ఆడాల్సిందల్లా పాతదాని మీద. దాన్ని ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటారు, ఆ డబ్బే మేము ముందు కట్టాల్సినదాంట్లో సగం. టైవాడు బయటికొచ్చి నా లారీ చుట్టూ ఒక్క చుట్టు తిరిగాడు. బానెట్ ఎత్తలేదు. ఇంజన్ వినలేదు. ఫోన్‌తో ఫోటో తీసి రెండు అరవై అన్నాడు.

నాలుగు లక్షలు అన్నాను. కిందటేడు ఇంజన్ బోరు చేయించాను. గేర్‌బాక్స్ కొత్తది. కమాన్‌పట్టీలు మార్చి ఆరు నెలలు కాలేదు. నాలుగు న్యాయమైన ధర. ఒక్క రూపాయి దురాశకి అడగలేదు.

టైవాడు అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి నేల వైపు చూసింది.

మార్చి 6

బేరం నాకు ఒకడు నేర్పక్కర్లేదు. ఈ లారీని సెకండ్‌హ్యాండ్‌లో కొన్ననాడు మూడుసార్లు లేచాను. మూడోసారి దాని అప్పటి ఓనరు రోడ్డు దాకా పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు. మా బేరాలన్నీ అలాగే. టైర్లు కొన్నా అంతే, డీజిల్ పంపు కొన్నా అంతే. లేచి నాలుగడుగులు వేస్తే వెనకనుంచి పిలుస్తారు.

మార్చి 10, సాయంత్రం నాలుగు

మళ్లీ వెళ్లాం. టైవాడు రెండు ఎనభై అన్నాడు. సరే మంచిది అని లేచాను.

మెల్లగా నడిచాను. పిలవడానికి వాడికి టైము ఇవ్వాలిగా. తలుపు దగ్గరికి వెళ్లేసరికి అది దానంతటదే తెరుచుకుంది. ఎవరూ పిలవలేదు. బయట నా లారీ దగ్గర నిలబడి టైరులో ఇరుక్కున్న రాళ్లు ఏరాను. రాళ్లు అయిపోయాయి. అయినా పిలవలేదు.

అమ్మాయి ఫోన్ మోగింది. వస్తున్నాడు చూడు అన్నాను. మెసేజ్ నాన్నా అంది. మా సర్వీసు ఎలా ఉంది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని అడిగారట.

అయిదు నొక్కింది.

మార్చి 13

ఫోన్ రాలేదు.

మార్చి 14

మనమే వెళ్దాం అని అమ్మాయి షాపులో పర్మిషన్ పెట్టి వచ్చింది. ఈసారి టైవాడి పైవాడు, మేనేజరు, కూడా కూర్చున్నాడు. చాలా మర్యాదస్తుడు. వినేటప్పుడు తల ఊపుతాడు, ఊపి తను అనుకున్నదే చెబుతాడు. మూడు లక్షల పదివేలు, ఇదే ఆఖరు, మీ అనుభవాన్ని గౌరవించి ఇస్తున్నాం అన్నాడు. నా అనుభవం ఖరీదు యాభైవేలని ఈరోజే తెలిసింది.

అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి ఒప్పుకో నాన్నా అంది. మిగతాది నేను సర్దుతాను, నెల నెలా కట్టేది ఎలాగూ నేనేగా అంది.

నేను లేచాను.

అమ్మాయి లేవలేదు.

తలుపు దాకా వెళ్లి తిరిగి చూశాను. అది మేనేజరు ముందు అలాగే కూర్చుని ఉంది. వెనక్కి వెళ్లడానికి మొహం చెల్లలేదు. వాచ్‌మన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. లోపల ఏసీ బాగుంటుందిగా పెద్దాయనా అన్నాడు. నాకు పడదు అన్నాను.

అరగంటకి వచ్చింది. మూడు పదికి ఒప్పేసుకున్నానంది. ఇరవయ్యో తేదీన వాళ్ల మనిషి ఇంటికొచ్చి లారీని తనిఖీ చేస్తాడట. దారిలో గేరు మార్చేటప్పుడు నా మోచెయ్యి తగిలితే జరిగి కూర్చుంది.

తనిఖీకి వచ్చేవాడు బండి తెలిసినవాడై ఉంటాడు. బండిని చూపిస్తే నాలుగు వాడే అంటాడు.

మార్చి 16, ఆదివారం

పొద్దున ఆరింటినుంచి పని. వైర్‌బ్రష్‌తో తుప్పు గీకాను. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి, మన పెళ్లికి కూడా నువ్వు ఇంత ముస్తాబు కాలేదు అంది. అప్పుడు నన్నెవడూ తనిఖీ చెయ్యలేదు అన్నాను. చేసుంటే మా నాన్న నన్ను నీకు ఇచ్చేవాడే కాదు అంది. చాన్నాళ్లకి ఇద్దరం నవ్వాం.

క్యాబిన్‌కి పసుపు. తొట్టికి ఎరుపు. చాసీకి, అంటే కిందనుండే ఇనప దూలాలకి, నలుపు.

మార్చి 17

చాసీ మీద తుప్పు తిన్న గుంటలు చాలా ఉన్నాయి. పుట్టీ పెట్టి నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, నున్నగా చేశాను. నడుం పట్టేసింది. ఎదురు షెడ్డు టింకర్ వచ్చి చూశాడు. పైపైన ఎంతైనా వేసుకో బాబాయ్, చాసీ జోలికి పోకు అన్నాడు. తనకి కూలి దొరకలేదని వీడి ఏడుపు అనుకున్నాను. నా బండి నాకు తెలీదా, నువ్వు పుట్టకముందునుంచి బళ్లు తోలుతున్నాను అన్నాను. నీ ఇష్టం అని వెళ్లిపోయాడు.

చాసీకి రెండు పూతలు నలుపు వేశాను. చేత్తో తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు.

మార్చి 20

తనిఖీ మనిషి వచ్చాడు. సన్నగా ఉన్నాడు. చేతిలో టార్చి, టేపు చుట్ట, పెన్సిలు. ఇంజన్ స్టార్ట్ చేయనా అన్నాను. అక్కర్లేదు అన్నాడు. గేర్‌బాక్స్ చూడమన్నాను. తర్వాత అన్నాడు. నేరుగా ముందు కుడి చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చాసీ నంబరు ఏది అన్నాడు.

అక్కడే ఉంటుంది అన్నాను. కంపెనీవాళ్లు ఇనుములో కొట్టిన నంబరు, ఎక్కడికి పోతుంది. ఇన్నేళ్లలో నాకు దాని అవసరం పడలేదు. కాగితాల మీద ఉంది కదా.

చాసీ మీద తెల్లకాగితం ఆనించి టేపు వేశాడు. దాని మీద పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాడు. అలా రుద్దితే కింద ఉన్న నంబరు కాగితం మీదికి తేలుతుంది. కాగితం మొత్తం నల్లగా వచ్చింది. ఒక్క అంకె లేదు.

నేను పుట్టీతో నింపిన గుంటల్లో అవీ ఉన్నాయి.

ఇప్పుడు రంగెందుకు వేశారు అన్నాడు. బాగుంటుందని అన్నాను. దేన్ని దాచడానికి అన్నాడు. నోరు జాగ్రత్త అన్నాను. మా ఆవిడ అడ్డం వచ్చింది. అతను కేకలు వేయలేదు. శుభ్రం చేసి పెట్టండి, శనివారం మళ్లీ వస్తాను, నంబరు తేలితే మూడు పది ఖాయం, తేలకపోతే మావాళ్లు ముట్టుకోరు అన్నాడు.

మార్చి 21, మధ్యాహ్నం

టింకర్ని అడిగాను. థిన్నర్‌లో గుడ్డ తడిపి రోజంతా కట్టి ఉంచు, పుట్టీ మెత్తబడుతుంది, చెక్కపుల్లతో తియ్యి అన్నాడు. రోజంతా ఎక్కడిది. రేపే శనివారం. కట్టినా రేపటికి మెత్తబడకపోతే ఏం చెయ్యాలి.

గ్రైండర్ నా దగ్గరే ఉంది.

అదే రోజు, సాయంత్రం

రంగు లేచింది. పుట్టీ లేచింది. ఇనుము తెల్లగా కనబడింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. అంకెలు లోతుగా ఉంటాయనుకున్నాను. అంత లోతుగా లేవు. ఇరవై రెండేళ్ల తుప్పు పైనంతా తినేసింది.

నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి పదిహేడు. కాగితాలు తెచ్చి పక్కన పెట్టి లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాను.

మార్చి 22

వచ్చాడు. టార్చి వేశాడు. నా వైపు చూడలేదు. ఏదో రాసుకుని సారీ అంకుల్ అన్నాడు. ఇతనూ అంకుల్ అన్నాడు.

మార్చి 24

రవాణా ఆఫీసుకి వెళ్లాను. నంబరు మళ్లీ కొట్టించుకోవచ్చట. పోలీసుల దగ్గరినుంచి కాగితం, కంపెనీనుంచి కాగితం, ఇది దొంగ బండి కాదని ఇంకో కాగితం. గుమాస్తా ఎవరు అరగదీశారు అన్నాడు. నేనే అన్నాను. ఎందుకు అన్నాడు. తనిఖీకి శుభ్రం చేశాను అన్నాను. పక్కసీటు అతన్ని పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. దొంగలు కూడా ఇదే చేస్తారు పెద్దాయనా, కాకపోతే వాళ్లు వచ్చి చెప్పరు అన్నాడు.

మూడు నెలలు పడుతుందట. ఆరైనా పట్టొచ్చట.

ఇక్కడినుంచి కూడా లేచి వచ్చేసేవాణ్ణే. కుర్చీ ఇవ్వలేదు.

మార్చి 27

లోను మంజూరు గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఎక్స్ఛేంజ్ డబ్బు లేకుండా ముందు కట్టాల్సింది పూర్తి కాదు. టైవాడు ఇది అమ్మాయికి చెప్పాడు, నాకు చెప్పలేదు. మేనేజరుని కలుస్తానన్నాను. వద్దు నాన్నా అంది. షాపులో అడ్వాన్స్ కూడా అడిగి చూసిందట. నాకు చెప్పకుండా అడిగింది. ఇవ్వలేదు.

అన్నం తిని చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, నీకు బండి కావాలా, గెలవడం కావాలా అని ఆ రోజే అడగాల్సింది అంది. బండే అన్నాను. అది నా మొహం చూసింది. నేను పళ్లెంలో చెయ్యి పెట్టి ఉన్నాను.

మూడు పది తక్కువ ధర. ఈ మాట నేను ఇప్పటికీ అంటాను. కానీ ఇంట్లో పైకి అనడం మానేశాను.

మార్చి 31

నాలుగు ట్రిప్పులు వేశాను. కాటా గుమాస్తా ఆఖరిదాని చీటీ ఇస్తూ ఏదో అనబోయాడు. తొందరగా ఇవ్వు, వెనక బండి ఉంది అన్నాను. వెనక బండి లేదు.

ఏప్రిల్ 1

నడిచి వెళ్లాను. తొమ్మిదో చోట ఎవరిదో తెల్ల లారీ ఉంది. బాగుంది.

ఏప్రిల్ 8

పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. అతనికీ నంబరు కావాలట. లేకపోతే ముక్కలు కొయ్యడానికి కూడా వీల్లేదట. అమ్మడానికి లేదు, తోలడానికి లేదు, చంపడానికీ లేదు.

ఇంటి ముందు పసుపూ ఎరుపూ మెరుస్తూ నిలబడి ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి కొత్తది తీశావా బాబాయ్ అంటున్నారు. ఇద్దరికి కాదని చెప్పాను. మూడోవాడికి అవునన్నాను.

ఏప్రిల్ 16

టైవాడు ఫోన్ చేశాడు. నాకే చేశాడు, అమ్మాయికి కాదు. ఊరి బయట యార్డునుంచి కొత్త బళ్లు షోరూమ్‌కి తెచ్చే డ్రైవరు మానేశాడట. అంకుల్, మీకు హెవీ లైసెన్స్ ఉందిగా, బండికింత అని ఇస్తాం అన్నాడు. పెట్టేశాను.

మా ఆవిడ ఎవరు అంది. రాంగ్ నంబరు అన్నాను. రాంగ్ నంబరువాడిది అంతసేపు ఏం విన్నావు అంది.

ఏప్రిల్ 17

నేనే ఫోన్ చేశాను. ఎంత ఇస్తావని అడగలేదు.

ఏప్రిల్ 19

మొదటి బండి తెచ్చాను. పదకొండు కిలోమీటర్లు. స్టీరింగ్ ఒక వేలితో తిరిగింది.

కొన్నవాడు గేటులోనే ఎదురుచూస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. పాత లారీకి రెండు డెబ్భై ఇచ్చారు, మీరు బళ్లు తెలిసినవారు, మోసపోయానా పెద్దాయనా అని అడిగాడు. గోడ పక్కన ఉన్న అతని లారీని చూశాను. మంచి బండి. నాలుగు వస్తుంది.

సరైన ధరే అన్నాను. తాళం అతని చేతిలో పెట్టాను.

రెండో బండి కోసం యార్డుకి వెళ్లాను.