ఆకుపచ్చ పాచిక

ప్రియమైన అక్కకు,

నువ్వు పంపిన పాచికల యాప్ ఎప్పుడో అందింది, రాయడమే ఆలస్యమైంది. బ్రహ్మాండంగా ఉంది. ఫోన్లో నా నాలుక నా మాట వినడం మానేసింది కదా, అందుకే ఉత్తరం. వార్డులోని కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో అక్షరాన్నీ వేలి కణుపుతో పొడుస్తున్నాను. ఈ నాలుగు ముక్కలకే పొద్దుటి నుంచి మధ్యాహ్నమైంది. నర్సమ్మ ప్రింటు తీసి పోస్టులో వేస్తానంది.

మా ఆట సంగతి చెప్తాను. ఆదివారం మధ్యాహ్నాలు కిటికీ పక్క బల్ల దగ్గర ముగ్గురం చేరతాం. డ్రైవరుగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, నడుము పడిపోయి ఇక్కడికి వచ్చారు. కథ చెప్పడం ఆయన వంతు. ఆ కథలో నేనొక విలుకాణ్ణి, టైలరమ్మ ఒక మంత్రగత్తె. గోడ దూకాలన్నా, రాక్షసుణ్ణి కొట్టాలన్నా ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు, చిన్నది పడితే బొక్కలు విరిగినట్టు.

టైలరమ్మదీ నా జబ్బే. నలభై ఏళ్ళు సూది పట్టిన చేతులు ఇప్పుడు చెంచా పట్టవు. మేమిద్దరం విసిరిన పాచికలు మంచాల కిందకి దొర్లిపోయేవి, వాటిని వెతకడంతోనే పొద్దుపోయేది. ఇప్పుడు ఫోన్ మీద అరచెయ్యి ఆనిస్తే చాలు. నాది ఆకుపచ్చ పాచిక, ఆమెది నీలం, డ్రైవరుగారి రాక్షసులది ఎరుపు. ముగ్గురం నా ఫోన్‌లోనే ఆడుతున్నాం.

ఒక వింత చెప్పనా? ఆరు వారాలుగా నా విలుకాడికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. టైలరమ్మ మంత్రగత్తె మూడుసార్లు చచ్చింది. "నక్క తోక తొక్కొచ్చావా బాబూ?" అని డ్రైవరుగారు ఏడిపిస్తున్నారు. కార్ఖానాలో త్రాసులు సరిచూసి బతికినవాణ్ణి కదా, బుద్ధి ఎక్కడికి పోతుంది? పడిన అంకెలన్నీ యాప్‌లో ఉంటాయిగా, ఊసుపోనప్పుడు వాటిని చూస్తూ కూర్చుంటున్నాను.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరాన్ని ఆఫీసులో నా బల్ల ముందున్న గోడకి అంటించాను. పక్క సీటు అమ్మాయి అది చూసి, "మన యాప్‌ని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారా మేడమ్?" అంది. దాని ఆశ్చర్యంలో తప్పు లేదు. మాకు రోజూ వచ్చేవి తిట్లే. మీ పాచికకి నేనంటే పగ అంటాడొకడు. వరసగా మూడుసార్లు ఒకటి పడింది, మీరు మోసగాళ్ళు అంటాడింకొకడు. పదిహేడు పడినప్పుడు మాత్రం ఒక్కడూ రాయడు.

అదృష్టాన్ని తూకం వెయ్యకురా. వచ్చినదాన్ని రానీ. చిన్నప్పుడు ఏ ఆటలోనూ నువ్వు గెలిచిన పాపాన పోలేదు, ఇన్నాళ్ళకి నీ వంతు వచ్చిందనుకో. మిగిలింది మనిద్దరమే. వారానికొకసారైనా నువ్వు గెలిచావని వింటే నాకు అన్నం సహిస్తుంది.

వేళకి తిను. నర్సమ్మతో పోట్లాడకు.

అక్క

*

ప్రియమైన అక్కకు,

ఈసారి ఉత్తరం మూడు రోజులు పట్టింది. ఎడమ చెయ్యి పూర్తిగా పడిపోయింది.

మా జబ్బుకి కొత్త మందు వచ్చిందట. ప్రయోగం మీద ఇస్తున్నారు. మా వార్డుకి వచ్చింది ఒక్కరికి సరిపడా మాత్రమే. డాక్టరుగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు: రిపోర్టులు ఇద్దరివీ ఒక్కలాగే ఉన్నాయి, ఎవరికివ్వాలో కాగితాలు చెప్పడం లేదు, చీటీ వేస్తాం అని. ఇంకో మోతాదు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. వచ్చేదాకా ఆగే ఓపిక మా ఒళ్ళల్లో లేదని మాత్రం ఆయన ముఖం చూస్తే తెలిసింది.

నేను టైలరమ్మతో, మీరు తీసుకోండి అన్నాను. "దానం పుచ్చుకునే అలవాటు లేదు బాబూ. గుండీ కుట్టినా కూలికే కుట్టాను" అంది. మర్నాడు మళ్ళీ అడిగాను. ఇంకోసారి ఆ మాటెత్తితే ఆటకి రానంది. తర్వాత తనే, "చీటీలెందుకు, మన పాచిక ఉందిగా. మీ అక్క చేసింది కదా, అందులో మోసముండదు" అంది. డాక్టరుగారు కూడా సరేనన్నారు. వచ్చే ఆదివారం ఆయన ముందే చెరొకసారి వేస్తాం. పెద్ద అంకె ఎవరిదైతే వాళ్ళకి మందు.

నీకు చెప్పాలనిపించింది, చెప్పాను.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఉత్తరం అందింది. ఏం రాయాలో తోచడం లేదు. ఇక్కడ రెండు రోజులుగా ముసురు. ఆఫీసులో లిఫ్టు పాడైంది, మూడంతస్తులూ ఎక్కి వస్తున్నాను.

ధైర్యంగా ఉండు. అంతా మంచే జరుగుతుంది.

అక్క

*

ప్రియమైన అక్కకు,

వేశాం. నాకు పంతొమ్మిది పడింది. టైలరమ్మకి ఎనిమిది.

రేపు పై అంతస్తుకి మారుస్తారు, మందు అక్కడే ఇస్తారట.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఐదు నెలల్లో నాలుగు ఉత్తరాలు రాశాను. నువ్వు ఒక్కదానికీ జవాబివ్వలేదు. నీ చేతులకి శక్తి లేదని నర్సమ్మ చెప్పింది. మొన్న డ్రైవరుగారు ఫోన్ చేశారు. టైలరమ్మ పోయిందన్నారు. చివరి పదిరోజులూ గుక్కెడు నీళ్ళు కూడా మింగుడు పడలేదన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా ఇది చెప్పకపోతే నేను బతకలేను.

నీ ఫోన్‌లోని యాప్ అందరి దగ్గరున్నదాని లాంటిది కాదు. నీ కోసం వేరుగా చేశాను. ఆకుపచ్చ పాచికకి ఎనిమిది కన్నా తక్కువ పడితే అది పైకి చూపించదు. చప్పుడు చేయకుండా మళ్ళీ వేసుకుంటుంది, ఎనిమిదో, ఆపైనో వచ్చేదాకా. నీలం, ఎరుపు నిజాయితీవే. నీ ఒళ్ళు రోజురోజుకీ ఓడిపోతుంటే కథలోనైనా గెలవాలనుకున్నాను. ఆటే కదా అనుకున్నాను.

నీ మూడు రోజుల ఉత్తరం చదవగానే నాకు విషయం అర్థమైంది. ఇక్కడ కూర్చునే ఒక్క బటన్ నొక్కి దాన్ని సరిచెయ్యొచ్చు. శనివారమంతా ఆఫీసులో ఒక్కదాన్నే ఆ బటన్ ముందు కూర్చున్నాను. నొక్కలేదు. నీకు ముసురు గురించీ లిఫ్టు గురించీ రాసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నువ్వు బతకాలి, అంతే. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు, అందుకే అంత తేలికైంది.

ఆవిడ మందు నీకిప్పించాను. నువ్వు నన్ను క్షమించినా ఆవిడ క్షమించదు. నువ్వు మాత్రం నిన్ను నిందించుకోకు. నీకేమీ తెలియదు. పాపం నా ఒక్కదానిదే.

అక్క

*

ప్రియమైన అక్కకు,

ఇది డ్రైవరుగారు టైపు కొడుతున్నారు. నేను చెప్పేది ఆయనకొక్కరికే అర్థమవుతుంది, అదీ రెండేసిసార్లు చెప్తే. ఆయన దగ్గర దాచాల్సింది ఏమీ లేదు, ఆ రోజు ఆయన బల్ల దగ్గరే ఉన్నారు.

నాకు తెలుసు అక్కా. నీకు మొదటి ఉత్తరం రాసిన వారానికే తెలుసు. ఆకుపచ్చలో రెండు వందల పన్నెండుసార్లు వేస్తే ఒక్కసారి కూడా ఎనిమిదికి తగ్గలేదు. అలాంటి త్రాసుని నేను కార్ఖానా గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. నీ పనేనని తెలిసి నవ్వుకున్నాను. కోపం రాలేదు. కథలో గెలుపు తియ్యగానే ఉండేది.

అందుకే ఆ ఆదివారం టైలరమ్మతో, రంగులు మార్చుకుందామన్నాను. నా అదృష్టం గురించి రేపెవరూ మాట అనకూడదన్నాను. ఆమె నమ్మింది. దానంగా ఇస్తే తీసుకోదు కదా, మోసం చేసైనా ఇద్దామనుకున్నాను. ఆకుపచ్చ ఆమెకిచ్చి, నీలం నేను తీసుకున్నాను.

ముందు ఆమె వేసింది. ఎనిమిది. ఆకుపచ్చలో అంతకన్నా తక్కువ పడడానికి లేదు, సరిగ్గా అదే పడింది. తర్వాత నేను అరచెయ్యి ఆనించాను. నీలంలో, ఏ మోసమూ లేని నీలంలో, పంతొమ్మిది పడింది.

కాబట్టి నువ్వు నన్ను గెలిపించలేదు. నేను ఆమెని గెలిపించలేకపోయాను. ఆ లెక్కలో నీ పాపమేమీ లేదు, నిద్రపో.

మందు నాకు పనిచెయ్యలేదు. పోయిన వారం ఆపేశారు. తీసుకున్న పదకొండుమందిలో ఎనిమిదిమందికి చేతులు తిరిగొచ్చాయట. ఒకామె ఊలు అల్లుతోందని డాక్టరుగారు చెప్పి, ఎందుకు చెప్పానా అనుకున్నట్టు తల తిప్పుకున్నారు. నన్ను మళ్ళీ కింది వార్డుకి తెచ్చారు. టైలరమ్మ మంచంలో ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు.

నీకు జవాబు రాయకపోవడానికి కారణం నా చేతులు కాదు. అప్పుడైనా డ్రైవరుగారు కొట్టిపెట్టేవారు. కారణం ఇది. పంతొమ్మిది కనిపించగానే నేను, చెయ్యి సరిగ్గా ఆనలేదు, మళ్ళీ వేద్దాం అనొచ్చు. ఏదో సాకు చెప్పొచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ అప్పటికే నేను నవ్వేశాను. ఆమెకి ఇద్దామని అంత చేసినవాణ్ణి, నాకు వచ్చిందని చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. నేను తల దించుకున్నాను.

"దాచుకోకు బాబూ. నాకు పడితే నేనూ అంతే నవ్వేదాన్ని" అంది.

నీ తమ్ముడు